పత్మాసు గుహలో అమ్మ ప్రశ్న

అర్ధరాత్రి దాటాక ఓడ దిగా. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో సాయంత్రం ఎక్కితే, ఈజియన్ సముద్రం మీద దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం. నాతోపాటు దిగినవాళ్లు పాతిక మంది కూడా లేరు. రేవులో నాలుగు దీపాలు, మూసేసిన కాఫీ షాపులు, రెండు పిల్లులు. పైన కొండ మీద కోటలా ఒక మఠం, పసుపు లైట్ల వెలుగులో. సిగ్నల్ రాగానే ఫోన్ టింగుమంది. గుంటూరు నుంచి అమ్మ మెసేజ్.

"చేరావా నాన్నా? యోహాను గారి గుహ చూసి ఫోటో పెట్టు. ఆపరేషన్ సంగతి మాత్రం ఎత్తకు."

అక్కడ తెల్లారుజామైంది. అయినా మేలుకునే ఉంది. ఎత్తకు అని తనే ఎత్తిందంటే, రాత్రంతా దాని గురించే ఆలోచించిందన్నమాట.

ఈ దీవి పేరు పాట్మోస్. తెలుగు బైబిల్లో పత్మాసు. విస్తీర్ణం 34 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు మూడు వేలు. విమానాశ్రయం లేదు, పడవలోనే రావాలి. రోమన్ల కాలంలో గిట్టనివాళ్లని ఇలాంటి దీవులకి పంపేసేవాళ్లు. సుమారు క్రీ.శ. 95లో, డొమిషియన్ చక్రవర్తి ఉండగా, యోహాను అనే భక్తుణ్ని ఇక్కడికి పంపేశారని, ఇక్కడి గుహలోనే ఆయనకి దర్శనాలు వచ్చాయని సంప్రదాయం. ఆ దర్శనాలే బైబిల్లో చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం.

చర్చికి వెళ్లే ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ పుస్తకంలో ఒక అధ్యాయం నిద్రలో కూడా గుర్తుంటుంది. పదమూడోది. ఒక మృగం వస్తుంది, అందరికీ కుడిచేతి మీదో నుదుటి మీదో ముద్ర వేయిస్తుంది, ఆ ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు. దాని సంఖ్య 666. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది విని, స్కూటర్ నంబర్లో మూడు ఆరులు కనిపిస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేవాణ్ని.

ఇప్పుడు నా వయసు 28. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. పని పేమెంట్స్ విభాగంలో. అంటే జనం కొనడం, అమ్మడం సజావుగా జరిగేలా కోడ్ రాయడం. ఆఫీసు పని మీద రెండు వారాలు ఏథెన్స్ పంపారు. శుక్రవారం సెలవు పెట్టి ఓడెక్కేశా. కారణం అమ్మ.

పాట ఆగిపోయిన ఇల్లు

మా అమ్మ గొంతు గుంటూరులో మా చర్చి మొత్తానికి తెలుసు. స్త్రీల సమాజంలో పాట ఎత్తేది తనే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం చూడాల్సిన పని లేదు, నంబర్ చెబితే చాలు. ఆరేడేళ్ల క్రితం వినికిడి తగ్గడం మొదలైంది. మొదట టీవీ సౌండ్ పెరిగింది. తర్వాత చెవిలో మెషిన్ వచ్చింది. తర్వాత మెషిన్ పెట్టినా లాభం లేకుండా పోయింది. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం తను ఎత్తిన శృతి, హార్మోనియం శృతి వేరయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న ఆవిడ మెల్లగా మోచేత్తో తట్టిందట, అంతే. ఆ రోజు నుంచి అమ్మ పాడలేదు.

హైదరాబాద్‌లో డాక్టర్ గారు పరీక్షలన్నీ చేసి, కాక్లియర్ ఇంప్లాంట్ పెడదామన్నారు. చెవి వెనక ఎముకని కాస్త తొలిచి, చర్మం కింద చిన్న పరికరం అమరుస్తారు. దాన్నుంచి వెళ్లే సన్నటి తీగ లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగంలోకి వెళ్తుంది. పాడైపోయిన కణాల పనిని ఆ తీగ మీదున్న ఎలక్ట్రోడ్లు చేస్తాయి. చిన్నచిన్న కరెంటు సంకేతాలుగా మారిన శబ్దాన్ని నేరుగా నరానికి అందిస్తాయి. చిన్నపిల్లలకి మన దగ్గర ఆరోగ్యశ్రీలో కూడా ఈ ఆపరేషన్లు చేశారు. పెద్దవాళ్లకి మాత్రం లక్షల్లో ఖర్చు. మాకు డబ్బు సమస్య కాదు. నేనూ చెల్లీ సర్దుకున్నాం. సమస్య ఎక్కడొచ్చిందంటే, ఇంట్లో "చిప్" అనే మాట నేనే వాడాను.

"చిన్న చిప్ అమ్మా, భయం లేదు" అని టైప్ చేశా. అంతకు నెల ముందే పెద్దమ్మ వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. చేతిలో బియ్యపు గింజంత చిప్ పెట్టించుకుంటున్న మనిషి, వెనక భయంకరమైన మ్యూజిక్, చివర్లో ఎర్ర అక్షరాల్లో 666. చేతిలో పెడితేనే మృగం ముద్ర అయితే, తలలో పెట్టేది ఏమవుతుంది? అమ్మ నోట్‌బుక్‌లో రాసి చూపించింది: "వినపడకపోయినా పర్లేదు. నా దేవుడికి దూరం కాలేను."

నేను నవ్వాను. వీడియో కాల్‌లో నవ్వాను. ఆ నవ్వు వినపడకపోయినా కనపడింది. అప్పట్నుంచి ఆపరేషన్ మాట వస్తే ఫోన్ నాన్నకి ఇచ్చేస్తోంది. ఆలస్యం చేసేకొద్దీ ఫలితం తగ్గొచ్చని డాక్టర్ గారు హెచ్చరించి అప్పటికి నాలుగు నెలలు.

గుహలోకి

పొద్దున్నే స్కాలా రేవు నుంచి నడక మొదలుపెట్టా. పైన హోరా అనే ఊరు, దాని నడినెత్తిన మఠం. తారు రోడ్డు మీద సుమారు నాలుగు కిలోమీటర్లు, బస్సు కూడా ఉంది. కానీ రాళ్లు పరిచిన పాత కాలిబాటలో నడిస్తేనే బాగుంటుంది. రెండు పక్కలా పైన్ చెట్లు, కింద నీలం సముద్రం, దూరంగా ఇంకో నాలుగు దీవులు. సగం దారిలో తెల్ల గోడల చిన్న ప్రాంగణం వస్తుంది. అదే గుహ ఉన్న చోటు.

పై నుంచి మెట్లు దిగుతూ వెళ్లాలి. గుహ అంటే నేనేదో చీకటి బిలం ఊహించుకున్నా. సగం కొండరాయి, సగం కట్టిన గుడి. తల మీదకి వంగిన రాతి కప్పు. గోడకి ఒక గుంట, చుట్టూ వెండి తొడుగు. యోహాను తల వాల్చుకునేది అక్కడే అంటారు. కప్పులో మూడు పాయలుగా చీలిన పగులు. దేవుడి స్వరం ఆ పగుల్లోంచి వచ్చిందని నమ్మకం. ఆయన చెబుతుంటే శిష్యుడు ప్రొఖొరు నిలబడి రాశాడట.

ఫోటోలు తీయకూడదు. అమ్మకి ఏం పంపను?

ఒక మూల కూర్చున్నా. నల్ల గౌనులో ఒక సన్యాసి వత్తులు సరిచేస్తున్నాడు. మైనం వాసన. రష్యా నుంచి వచ్చినవాళ్లనుకుంటా, ఇద్దరు ముసలమ్మలు రాతిని ముట్టుకుని కళ్లకి అద్దుకుంటున్నారు. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక విషయం తట్టింది. ఈ పుస్తకం గురించి వాట్సాప్‌లో చూసింది ఎక్కువ, చదివింది తక్కువ. ఫోన్‌లో తెలుగు బైబిల్ యాప్ తెరిచి పదమూడో అధ్యాయం మొత్తం నెమ్మదిగా చదివా. ఆపకుండా పద్నాలుగు కూడా.

మొదటి ఆశ్చర్యం అక్కడే. పద్నాలుగో అధ్యాయం మొదట్లోనే ఇంకో గుంపు ఉంది. వాళ్ల నొసళ్ల మీదా రాత ఉంది. గొర్రెపిల్ల పేరు, తండ్రి పేరు. అంటే గుర్తు రెండు వైపులా ఉంది. మరి వీళ్ల నుదుటి మీద సిరా గానీ, పచ్చబొట్టు గానీ ఉందని ఎవరూ అనుకోరు కదా. పాత నిబంధనలో కూడా ఆజ్ఞల్ని చేతికి కట్టుకోమని, కళ్ల మధ్య ఉంచుకోమని ఉంటుంది. చేయి అంటే చేసే పని. నుదురు అంటే ఆలోచన. ఎవరి మనిషివి అన్నదే ప్రశ్న.

రెండోది, ముద్ర అనే మాట. గ్రీకులో అది "ఖరాగ్మా". నాణేల మీద కొట్టే అచ్చుకీ, చక్రవర్తి పేరుతో పత్రాల మీద వేసే ముద్రకీ ఆ మాట వాడేవారు. యోహాను రాసింది ఇక్కడికి దగ్గర్లో, ఇప్పటి టర్కీలో ఉన్న ఏడు సంఘాలకి. ఎఫెసు, పెర్గము లాంటి ఊళ్లలో చక్రవర్తికి గుళ్లుండేవి. చేతివృత్తుల సంఘాల విందుల్లోనూ దేవతలకి అర్పణలు జరిగేవి. కలిసి అర్పిస్తే నువ్వు మా మనిషివి. కాదంటే నీ వ్యాపారానికి ఇబ్బంది. కొనడం, అమ్మడం అన్న మాట అక్కడి నుంచి వచ్చిందని చాలామంది పండితులు అంటారు.

666 సంగతీ అంతే. అప్పట్లో అంకెలకి వేరే గుర్తుల్లేవు, అక్షరాలే అంకెలు. నీరో కైసరు అని హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉంది. ఆ పేరునే లాటిన్ ఉచ్చారణలో, చివరి అక్షరం తీసేసి కూడితే సరిగ్గా 616 వస్తుంది. కోడ్ రాసేవాణ్ని కాబట్టి ఇది చదివి ముచ్చటేసింది. బాధలు పడుతున్న జనం, రాజు పేరు బయటికి చెప్పలేక వాడుకున్న పాస్‌వర్డ్!

బార్‌కోడ్ నుంచి బియ్యపు గింజ దాకా

గుహ బయట గోడ మీద కూర్చుని నీళ్లు తాగుతూ అనుకున్నా, ఈ భయం మా పెద్దమ్మ ఒక్కదానిదే కాదు.

1974లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ అనే ఊళ్లో, చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి బార్‌కోడ్ స్కాన్ చేశారు. కొన్నేళ్లకే, ఆ గీతల్లో 666 దాక్కుందని పుస్తకాలొచ్చాయి. 2004లో మనిషి శరీరంలో పెట్టే వెరిచిప్ అనే చిప్‌కి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 2006లో విస్కాన్సిన్ రాష్ట్రం, ఎవరికీ బలవంతంగా చిప్ పెట్టకూడదని చట్టం చేసింది. 2010లో వర్జీనియా ప్రతినిధుల సభ అలాంటి బిల్లునే ఆమోదించినప్పుడు, దాన్ని పెట్టిన సభ్యుడు తన ఆందోళనల్లో క్రీస్తు విరోధి గురించి కూడా చెప్పాడు.

తమాషా ఏమిటంటే, చట్టం చేసిన అదే విస్కాన్సిన్‌లో, 2017 ఆగస్టులో రివర్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో త్రీ స్క్వేర్ మార్కెట్ అనే కంపెనీ తన ఉద్యోగులకి చిప్‌ల పార్టీ పెట్టింది. బలవంతం లేదు, ఇష్టమున్నవాళ్లకే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బియ్యపు గింజంత చిప్. ఒక్కోటి సుమారు 300 డాలర్లు, ఖర్చు కంపెనీదే. దాంతో తలుపు తీయొచ్చు, కంప్యూటర్‌లోకి లాగిన్ కావొచ్చు, ముఖ్యంగా బ్రేక్‌రూమ్‌లో చిప్స్ ప్యాకెట్ కొనుక్కోవచ్చు. చేతి మీద గుర్తు, దాంతో కొనుగోలు. బైబిల్ చదివినవాళ్లు ఉలిక్కిపడకుండా ఎలా ఉంటారు?

ఇంజనీర్‌గా ఒక మాట చెప్పాలి. ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు. జీపీఎస్ ఉండదు. రీడర్‌కి కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి వస్తేనే పలుకుతుంది. మన మెట్రో కార్డులో ఉండేదీ ఇంచుమించు అదే. మనల్ని రోజంతా వెంటాడే పరికరం చేతిలోపల లేదు, చేతిలో ఉంది. దాంట్లోనే మీరిప్పుడు ఇది చదువుతున్నారు.

అయితే భయపడినవాళ్లందరినీ అమాయకులని తీసిపారేయలేం. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఒక బొగ్గుగని కార్మికుడి కథ ఉంది. దాదాపు నలభై ఏళ్ల సర్వీసు. హాజరుకి చేతిని స్కాన్ చేసే యంత్రం వచ్చింది. నా విశ్వాసానికి విరుద్ధం, హాజరు వేరే పద్ధతిలో తీసుకోండి అని వేడుకున్నాడు. కుడిచెయ్యి వద్దంటే ఎడమచెయ్యి పెట్టు అన్నారు. అదే సమయంలో చేతికి గాయాలైన ఇద్దరికి మాత్రం నంబర్ నొక్కే వీలిచ్చారు. ఆయన 2012లో ఉద్యోగం వదిలేశాడు. కేసు నడిచింది. 2015లో జ్యూరీ, 2017లో అప్పీలు కోర్టు ఆయన పక్షానే నిలిచాయి. ఆయన నమ్మకం సరైనదా కాదా అన్నది కోర్టు తేల్చలేదు. అది కోర్టు పని కాదంది. మనస్ఫూర్తిగా నమ్మాడా, వేరే దారి ఇవ్వడం కంపెనీకి కష్టమా, అంతే చూసింది.

అది చదివినప్పుడు అమ్మని చూసి నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

రెండో వైపు ఉత్సాహం కూడా అంతే ఉంది. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి మనిషి మెదడులో తన ఇంప్లాంట్ పెట్టింది. నోలాండ్ ఆర్బా అనే యువకుడికి. ఈతలో జరిగిన ప్రమాదంలో భుజాల కింద కదలిక పోయింది. జుట్టుకన్నా సన్నటి దారాల మీద 1,024 ఎలక్ట్రోడ్లు. ఆలోచనతో కర్సర్ కదిపాడు, చదరంగం ఆడాడు. ఆయన తన క్రైస్తవ విశ్వాసం గురించి బాహాటంగా మాట్లాడే మనిషి. టెక్నాలజీతో మనిషి పరిధిని పెంచడం దేవుడి పనిలో భాగమే అనే క్రిస్టియన్ ట్రాన్స్‌హ్యూమనిస్ట్ అసోసియేషన్ కూడా అమెరికాలో ఉంది. ఒకే బైబిల్, ఒకే చిప్. ఒకరికి మృగం, ఇంకొకరికి స్వస్థత.

కొట్టు నడిపే ఆవిడ

మధ్యాహ్నానికి హోరా చేరా. తెల్ల సున్నం గోడలు, ఇద్దరు పట్టని సందులు. మఠాన్ని 1088లో క్రిస్టోడులోస్ అనే సన్యాసి మొదలుపెట్టాడు. బైజాంటైన్ చక్రవర్తి అలెక్సియోస్ దీవిని రాసిచ్చిన పత్రం ఇప్పటికీ లోపల మ్యూజియంలో ఉంది. ఊదారంగు తోలు పుటల మీద వెండి అక్షరాలతో రాసిన ఆరో శతాబ్దపు మార్కు సువార్త పుటలు కూడా. గుహ, మఠం, హోరా కలిపి 1999 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. సముద్రపు దొంగల భయంతో కట్టిన గోడలు కాబట్టి గుడికన్నా కోటలా ఉంటుంది.

కిందికి వస్తూ ఒక చిన్న కొట్లో ఆగా. కొవ్వొత్తులు, చెక్క మీద వేసిన యోహాను బొమ్మలు. కౌంటర్‌లో డెబ్బై దాటిన ఆవిడ. ఇంగ్లిష్ ముక్కలు ముక్కలుగా వచ్చు. అమ్మ కోసం చిన్న బొమ్మ తీసుకుని, ఫోన్ మెషిన్ దగ్గర పెట్టా. టింగ్. ఆవిడ నా కుడిచేతిని చూసి నవ్వింది. "ముద్ర!" అంది సరదాగా.

దాంతో మాటలు కలిశాయి. గ్రీసులో ఈ గొడవ పాతదేనట. ఆథోస్ కొండ మీద ఉండిన పయీసియోస్ అనే సన్యాసి, 2015లో ఆయన్ని సెయింట్‌గా ప్రకటించారు, 1987లోనే 666 గురించి హెచ్చరిస్తూ రాశాడు. 2023లో చిప్ ఉన్న కొత్త గుర్తింపు కార్డులు రావడం మొదలైనప్పుడు కూడా కొందరు భక్తులు నిరసన తెలిపారు. మన దగ్గర ఆధార్ వచ్చినప్పుడు మిజోరంలో కొందరు క్రైస్తవులు ఇదే కారణంతో వద్దన్నారని చెబితే, ఆవిడ "ఇండియాలోనూనా!" అని కళ్లు పెద్దవి చేసింది.

తను మాత్రం కొత్త కార్డు తీసుకోలేదట. పాత లామినేషన్ కార్డే ఉంది. నేను అమ్మ సంగతి చెప్పా. ఆవిడ ఒక్క క్షణం ఆగి, మెడ కింద ఎడమ వైపు వేలితో తట్టి చూపించింది. చర్మం కింద చిన్న ఉబ్బు. పేస్‌మేకర్!

"మరి ఇది భయం లేదా?" అన్నా.

"ఇది నా కోసం పెట్టారు. ఆ కార్డు వాళ్ల కోసం అడుగుతున్నారు" అంది.

పేస్‌మేకర్‌ని మొదటిసారి మనిషి ఒంట్లో అమర్చింది 1958లో, స్వీడన్‌లో. ఇప్పుడు సరదాగా చేతిలో చిప్ పెట్టించుకునేవాళ్లు వేలల్లో ఉన్నదీ అదే స్వీడన్‌లో. 2017లో అక్కడి రైల్లో ఆ చేతినే టికెట్‌గా చూపించే వీలు కూడా కల్పించారు. రెండూ శరీరంలోకి వెళ్లేవే. కానీ ఆవిడ గీసిన గీత చాలా స్పష్టంగా ఉంది. ఇది ఎవరి కోసం?

నా కోడ్‌లో ఒక లైను

సాయంత్రం రేవు దగ్గర చీజ్ పై తింటూ కూర్చున్నా. ఆవిడ ప్రశ్న నా మీదకే తిరిగింది.

నేను పనిచేసే సిస్టమ్‌లో ప్రతి ఖాతాకి ఒక స్టేటస్ ఉంటుంది. యాక్టివ్, బ్లాక్డ్. ఆ రెండో మాట పడితే ఆ మనిషి ఆ నిమిషం నుంచి కొనలేడు, అమ్మలేడు. మోసాలు ఆపడానికి అది కావాలి, కాదనను. కానీ పొరపాటున బ్లాక్ అయిన ఒక కూరగాయల వ్యాపారి ఫిర్యాదు ఒకసారి నా దగ్గరికే వచ్చింది. నాలుగు రోజులు పట్టింది తేల్చడానికి. నాకది టికెట్ నంబర్. ఆయనకి నాలుగు రోజుల సరుకు. చేతిలో చిప్ లేదు, నుదుటి మీద ముద్ర లేదు. అయినా పని జరిగిపోయింది.

ఇంప్లాంట్లకీ ఇలాంటి చీకటి కోణం ఉంది. చూపు పోయినవాళ్ల కోసం సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ అనే కంటి ఇంప్లాంట్ తెచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా పెట్టించుకున్నారు. లాభం లేదని కంపెనీ దాన్ని ఆపేసింది. రిపేరు చేసేవాళ్లు, విడిభాగాలు ఇచ్చేవాళ్లు లేక కొందరికి ఆ కృత్రిమ చూపు మళ్లీ ఆరిపోయింది. పరికరం కంటిలో ఉంది, దాని మీద పెత్తనం మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉంది. నా దృష్టిలో 666 కన్నా భయపెట్టేది ఇది.

అప్పుడు అమ్మకి మెసేజ్ రాయడం మొదలుపెట్టా. ఈసారి "భయం లేదు" అని రాయలేదు. గుహలో చదివింది రాశా. కొట్టావిడ మాట రాశా. ఆర్గస్ సంగతి కూడా దాచలేదు. చివర్లో, "ఆ రోజు నవ్వినందుకు సారీ అమ్మా" అని రాశా.

చాలాసేపు "టైపింగ్" అని కనిపించింది. ఆగింది. మళ్లీ కనిపించింది. వచ్చిన ప్రశ్న ఒక్కటే.

"రాత్రి పడుకునేటప్పుడు దాన్ని తీసి పక్కన పెట్టుకోవచ్చా?"

ఉన్నదున్నట్టు చెప్పా. లోపలి భాగం లోపలే ఉండిపోతుంది. కానీ దానికి సొంతంగా బ్యాటరీ లేదు. చెవి వెనక అయస్కాంతంతో అంటుకునే బయటి భాగం తీసేస్తే, లోపలిది ఊరికే ఉంటుంది. పెట్టుకోవడం, తీయడం నీ చేతిలోనే.

"అయితే అది ముద్ర కాదు. ముద్ర అయితే తీయనివ్వరుగా" అంది అమ్మ.

పత్మాసు దాకా వచ్చి, రెండు అధ్యాయాలు చదివి, కోర్టు తీర్పులు గుర్తుచేసుకుని నేను కట్టిన వాదన అంతా ఆ ఒక్క లైన్‌లో ఉంది.

వెళ్లాలనుకుంటే

గ్రీసుకి షెంగెన్ వీసా కావాలి. పిరేయస్ నుంచి పత్మాసుకి ఓడలు రోజూ ఉండవు, తేదీలు ముందే చూసుకోండి. జూలై, ఆగస్టులో రద్దీ. నేను వెళ్లిన అక్టోబర్ మొదట్లో ఎండ తక్కువ, గదులూ దొరికాయి. గుహలోకి, మఠంలోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. పొద్దున్నే వెళ్లండి. గుహలో ఓ పది నిమిషాలు ఫోన్ జేబులో పెట్టి కూర్చోండి.

ఇంటికొచ్చాక ఆదివారం చర్చిలో అయ్యగారితో కూడా మాట్లాడాం. ఆయన తిట్టలేదు, భయపెట్టలేదు. గుంటూరు సంఘానికి ఆసుపత్రి కొత్త కాదు, 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు ఇక్కడ వైద్యం చేశారు కదా అని గుర్తుచేశారు. అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలోనే. ఆ సంగతి మేమంతా మర్చిపోయాం.

డాక్టర్ గారి దగ్గరికి అమ్మ నోట్‌బుక్‌తో వెళ్లింది. బయటి భాగం పాడైతే ఎంత? కంపెనీ మూతపడితే ఏంటి? ఇందులో నా సమాచారం ఎవరికి వెళ్తుంది? స్కానింగులు తీయించుకోవచ్చా? ఆయన ఓపిగ్గా అన్నిటికీ జవాబు రాసిచ్చారు. ఒకటి మాత్రం ముందే తేల్చి చెప్పారు. మాటలు బాగా వినపడొచ్చు, పాట మాత్రం కష్టం. శృతిలో సూక్ష్మమైన తేడాలు ఈ పరికరం సరిగా పట్టుకోలేదు. అమ్మ ఆ జవాబు రెండుసార్లు చదివింది. చదివాకే సంతకం పెట్టింది.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి పరికరం ఆన్ చేశారు. మొదటి రోజు నా గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉందట. రెండో నెలకి నాన్న గొంతు, చెల్లి గొంతు వేరు చేసింది. ఇప్పుడు ఫోన్‌లో నాతో మాట్లాడుతోంది, మధ్యమధ్యలో "మళ్లీ చెప్పు నాన్నా" అంటూ. కుక్కర్ విజిల్ వింటే ఇప్పటికీ ఉలిక్కిపడుతుందట.

చర్చిలో ఇంకా పాట ఎత్తలేదు. పోయిన ఆదివారం మాత్రం అందరూ పాడుతుంటే పెదాలు కదిలాయని చెల్లి చెప్పింది. రాత్రి ప్రార్థన అయ్యాక బయటి భాగం తీసి, నేను తెచ్చిన యోహాను బొమ్మ పక్కన పెట్టి పడుకుంటుంది. పొద్దున లేచి తనే పెట్టుకుంటుంది.